తొమ్మిది టీమ్‌లు ఆడాడంటే పనికిరాడనా?

నమస్తే అండీ. మా ఫ్రెండ్ ఒకడున్నాడు. ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ చూస్తుండగా ర్యాన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి టీమ్‌ని నడిపించేవాడు) పేరు వినబడితే చాలు, "తొమ్మిది టీమ్‌లు గెంటేశాయి కదరా వాణ్ణి" అంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది. గెంటేసినవి తొమ్మిదైతే, పిలిచి హెల్మెట్ ఇచ్చినవీ తొమ్మిదే కదా! ఆ లెక్క ఎవరూ వెయ్యరు.

ఒక్కసారి పెళ్ళివంట ఊహించుకోండి. తెల్లారితే పెళ్ళి. మాట్లాడుకున్న వంటమాస్టర్‌కి రాత్రి జ్వరం వచ్చింది. అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు? ఎవరింట్లోనైనా, ఎవరి గిన్నెలతోనైనా ఐదొందల మందికి వండిపెట్టేవాడికి. ఆయన ఊళ్ళో నంబర్ వన్ కాకపోవచ్చు. నంబర్ వన్ అయితే ముహూర్తాల సీజన్‌లో ఖాళీగా ఎందుకుంటాడు? ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అమెరికాలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో, 'జర్నీమ్యాన్' (టీమ్‌లు మారుతూ తిరిగేవాడు) అంటే ఆ వంటమాస్టరే.

(స్క్రీన్ మీద: 2005 డ్రాఫ్ట్ జాబితా, చివరి పేజీ)

చూడండి, కాలేజీ కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 255 మందిలో 250వ పేరు ఫిట్జ్‌ప్యాట్రిక్‌ది. హార్వర్డ్‌లో ఎకనామిక్స్ చదివిన కుర్రాడు. సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకుంది. ఆ నవంబర్ 27న హ్యూస్టన్‌లో గేమ్. మొదటి క్వార్టర్‌బ్యాక్‌కి అప్పటికే గాయం, రెండోవాడు గేమ్ మధ్యలో దెబ్బతిన్నాడు. ఇక మిగిలింది ఇతనే. హాఫ్‌టైమ్‌కి 24-3తో వెనకబడ్డారు. ఫిట్జ్‌ప్యాట్రిక్ 310 గజాలు, మూడు టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చేవి) విసిరాడు, ఓవర్‌టైమ్‌లో 33-27తో గెలిచారు. జీవితంలో అది అతని మొదటి ఎన్ఎఫ్ఎల్ గేమ్!

ఇప్పుడు అసలు కష్టం చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్లేబుక్, అంటే టీమ్ ఎత్తుగడలన్నీ రాసిపెట్టిన పుస్తకం. టీమ్ మారితే బంతి మారదు, మైదానం కొలతలు మారవు, మారేది భాష. మన వంటమాస్టర్ ఒక ఇంటికెళ్తే "గోంగూర చెయ్యి" అంటారు, ఇంకో ఇంట్లో "పుంటికూర" అంటారు. ఆకు అదే. ఒకరింట్లో ఆనపకాయ, ఇంకొకరింట్లో సొరకాయ. ఫుట్‌బాల్‌లోనూ అంతే. బంతి పట్టే రిసీవర్ పరిగెత్తే దారి ఒకటే అయినా ఒక కోచ్ దానికి అంకె పెడతాడు, ఇంకో కోచ్ పేరు పెడతాడు. ఇన్నేళ్ళుగా నాలుక మీద ఉన్న మాటని మర్చిపోయి కొత్తది పలకాలి. అదీ ఎంత టైమ్‌లో? ఒక ఎత్తుగడకీ తర్వాతదానికీ మధ్య ప్లే క్లాక్ 40 సెకన్లు. హెల్మెట్ స్పీకర్‌లో కోచ్ గొంతు 15 సెకన్లు మిగిలుండగానే ఆగిపోతుంది. ఆ తర్వాత పొయ్యి దగ్గర నువ్వొక్కడివే. ఒక్క మాట తప్పు పలికితే పదిమంది పది దిక్కులకి పోతారు. ఫిట్జ్‌ప్యాట్రిక్‌కి ఇలా తొమ్మిది ఇళ్ళు: రామ్స్, బెంగాల్స్, బిల్స్, టైటన్స్, టెక్సన్స్, జెట్స్, బక్కనీర్స్, డాల్ఫిన్స్, వాషింగ్టన్. తొమ్మిది వేర్వేరు టీమ్‌లకి స్టార్టర్‌గా దిగిన క్వార్టర్‌బ్యాక్ లీగ్ చరిత్రలో ఇతనొక్కడే.

"మరి అంత గొప్పవాడైతే ఎందుకు వదిలేశారు?" మంచి ప్రశ్న. 2011లో బిల్స్ బాగా ఆడుతుంటే అతనికి ఆరేళ్ళకి 5.9 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాసిచ్చారు. పేపర్లలో పెద్ద అక్షరాలు. 2013 మార్చిలో తీసేశారు. ఎన్ఎఫ్ఎల్‌లో గ్యారంటీ అని రాసిన మొత్తమే డబ్బు, మిగతాది శుభలేఖ మీద రంగు. జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి ఉంటుంది కాబట్టి, మధ్యస్థంగా ఆడే ముప్పై ఏళ్ళ వాడి మీద పెట్టే డబ్బుని టీమ్ ఇంకోచోట పెట్టుకుంటుంది. ఇక డ్రాఫ్ట్‌లో కుర్రాడు దొరికితే, ఆ కుర్రాడికి పని వచ్చేదాకా కూర ఇతను వండాలి. మయామీ డాల్ఫిన్స్‌లో 2020లో అదే జరిగింది. వరసగా రెండు గేమ్‌లు గెలిచి మూడు గెలుపులు, మూడు ఓటములతో ఉండగా గరిటె తీసి టువా టాగోవాయ్‌లోవాకి ఇచ్చారు. నాకైతే అది అన్యాయమే.

సరే, అదే ఏడాది డిసెంబర్ 26కి వద్దాం, లాస్ వేగస్. టువా వల్ల కావట్లేదని నాలుగో క్వార్టర్‌లో మళ్ళీ మన మాస్టర్‌నే పిలిచారు. 19 సెకన్లు మిగిలాయి, 25-23తో వెనకబడ్డారు. బంతి విసిరేలోపు డిఫెండర్ అతని ఫేస్‌మాస్క్ (హెల్మెట్ ముందు కడ్డీలు) పట్టి గుంజాడు. (ఇక్కడ వీడియో ఆపి చూపిస్తాను.) తల చూడండి, పూర్తిగా పక్కకి తిరిగిపోయింది. బంతి ఎటు పోతోందో అతనికి కనబడట్లేదు. అయినా చెయ్యి ఆగలేదు. 34 గజాల అవతల మ్యాక్ హాలిన్స్ చేతిలో పడింది. ఫేస్‌మాస్క్ పట్టినందుకు శిక్షగా ఇంకో 15 గజాలు. 44 గజాల నుంచి కాలితో తన్ని ఫీల్డ్ గోల్, 26-25తో మయామీ గెలుపు. నేను సోఫా మీదినుంచి లేచి అరిస్తే పిల్లాడు నిద్రలేచాడు.

ఉప్పెక్కువైన రోజులు లేవా? బోలెడు. 2015లో జెట్స్‌కి 31 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి టీమ్ రికార్డు కొట్టాడు. చివరి గేమ్ గెలిస్తే ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం ఆడే నాకౌట్ గేమ్‌లు. ఆడింది ఎవరితో? తనని తీసేసిన బిల్స్‌తో, వాళ్ళ ఊరు బఫలోలోనే. నాలుగో క్వార్టర్‌లో మూడు ఇంటర్‌సెప్షన్‌లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు), ఓటమి. 17 సీజన్లలో ఒక్క ప్లేఆఫ్ గేమ్ కూడా ఆడలేదు. స్టార్టర్‌గా 59 గెలుపులు, 87 ఓటములు, ఒక టై. దాచను.

అబ్బా, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 2018లో టాంపా బక్కనీర్స్‌కి వరసగా మూడు గేమ్‌లలో పాస్‌లతో 400 గజాలు దాటించాడు, అంతకుముందు ఎవరూ చెయ్యలేదు. 2021లో వాషింగ్టన్‌కి మొదటి గేమ్‌లోనే ఆరు పాస్‌లు విసిరాక తుంటికి దెబ్బ, మళ్ళీ దిగలేదు. 2022లో రిటైర్.

ఇతనే ఎక్కువ తిరిగాడనుకుంటే ఇంకో క్వార్టర్‌బ్యాక్ జాష్ జాన్సన్‌ని చూడండి, 14 టీమ్‌లు! 2023 జనవరిలో ఎన్ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ గేమ్, లీగ్ ఫైనల్‌కి ముందు మెట్టు. శాన్ ఫ్రాన్సిస్కో కుర్రాడు బ్రాక్ పర్డీ మోచేతికి దెబ్బ తగిలితే జాన్సన్‌ని దింపారు. మూడో క్వార్టర్‌లో జాన్సన్ తలకీ దెబ్బ తగిలింది. ఇంకో వంటవాడు లేడు. పర్డీనే మళ్ళీ పంపించారు, దూరం విసరలేని చేత్తో. మిగతా గేమంతా దాదాపుగా పక్కవాడి చేతికి బంతి అందిస్తూ గడిపాడు.