వోల్టు, ఆంపియరు ఒకే క్షణానివి కావాలి

అందరికీ నమస్కారం.

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, హెచ్చవేస్తే పవర్. మొదటి సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించారు. భాగహారం ఎవరైనా చేస్తారు. పొరపాటు జరిగేది ఆ రెండు అంకెల్ని తెచ్చుకునే దగ్గరే.

ఒక హీటింగ్ కాయిల్‌కి 12 వోల్టుల అడాప్టర్ తగిలించారనుకోండి. మీటర్‌లో కరెంటు 1.4 ఆంపియర్లు. చాలామంది లేబుల్ చూసి 12ని 1.4తో భాగించేస్తారు, 8.57 ఓమ్‌లు వస్తుంది. కాయిల్ పని చేస్తుండగా దాని రెండు కొనల మధ్యే మీటర్ పెట్టి చూడండి. 11.2 వోల్టులే ఉందనుకుందాం. అప్పుడు అసలు నిరోధం 8 ఓమ్‌లు, పవర్ 15.7 వాట్లు. అడాప్టర్ పిన్ను దగ్గర నిజంగా 12 ఉంటే, తగ్గిన 0.8 వోల్టు తీగల్లోనూ, జాయింట్లలోనూ పోయింది. 0.8ని 1.4తో హెచ్చవేస్తే 1.12 వాట్లు. పొడవాటి తీగంతా పంచుకుంటే ఆ వేడి చేతికి తెలియదు. అదంతా ఒక్క లూజు కనెక్టర్ దగ్గరే పుడితే మాత్రం ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అందుకే ఈ చిన్న తేడాని కొట్టిపారేయకూడదు.

ఇక క్షణం సంగతి. 230 వోల్టుల, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలుగుతున్నప్పుడు సుమారు 0.26 ఆంపియరు తీసుకుంటుంది. అంటే దాదాపు 880 ఓమ్‌లు. అదే బల్బుని హోల్డర్‌లోంచి తీసి, చల్లారాక మల్టీమీటర్‌తో కొలిస్తే 65 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. మీటర్ పాడైందని కంగారు పడొద్దు. టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ నిరోధం అన్ని రెట్లు పెరుగుతుంది. ఆ 65తో లెక్కేస్తే మూడున్నర ఆంపియర్లు, 800 వాట్లు పైనే వస్తాయి. స్విచ్ వేసిన తొలి క్షణంలో కరెంటు నిజంగానే ఆ స్థాయికి ఎగబాకగలదు. బల్బులు తరచుగా స్విచ్ వేయగానే మాడిపోవడానికి అదొక కారణం. రెండు కొలతలూ నిజమే, వేళ వేరు.

ఎల్‌ఈడీకి రెసిస్టర్ ఎంచుకునేటప్పుడు కూడా ఎవరి వోల్టేజి వాళ్లదే. సప్లై 12, ఎల్‌ఈడీ మీద 2 పోతే రెసిస్టర్‌కి మిగిలేది 10. కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియరు. 10ని 0.02తో భాగిస్తే 500 ఓమ్‌లు. దగ్గర్లో దొరికే 510 గానీ 560 గానీ వేయండి. పవర్ 0.2 వాటు. పావు వాటు రెసిస్టర్ సరిపోతుంది గానీ బాగా కాలుతుంది. అర వాటుది వేయడమే నా సలహా. మిల్లీ ఆంపియర్లని ఆంపియర్లుగా మార్చకుండా భాగించారా, వచ్చేది కిలో ఓమ్‌లలో ఉంటుంది. 10ని 20తో భాగిస్తే 0.5, అంటే అర కిలో ఓమ్.

మల్టీమీటర్‌తో కరెంటు కొలిచాక ఎర్ర వైరుని ఆంపియర్ రంధ్రంలోంచి వెంటనే తీసేయండి. అలాగే ఉంచి వోల్టేజి చూడబోతే అది షార్ట్ సర్క్యూటే. మీటర్ ఫ్యూజు పోవడంతో ఆగితే అదృష్టం. మెయిన్స్ కరెంటుకి క్లాంప్ మీటర్ (తీగని విప్పకుండా, దాని చుట్టూ దవడలు బిగించి కొలిచే మీటర్) వాడండి, ఆ దవడల మధ్య ఒక్క తీగే ఉండాలి. రెండూ కలిపి పట్టిస్తే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది. ఇక మోటార్ అయితే, వోల్టేజిని కరెంటుతో హెచ్చవేయగా వచ్చిన లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టర్‌తోనూ (ఆ లబ్ధంలో నిజమైన పవర్ ఎన్నో వంతో చెప్పే అంకె) హెచ్చవేయాలి. 230 వోల్టులు, 2 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 460 కాదు, 368 వాట్లు.