చెవులతో చూసిన మ్యాచ్

శ్రోతలకు నమస్కారం.

1975 హాకీ ప్రపంచ కప్ ఫైనల్ నేను చూశానని చాలామందికి చెప్పుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పాను. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు, మాటల్లో మాటగా, కాబోయే మామగారికి కూడా చెప్పాను. ఆయన లెక్కల మాస్టారు. "అప్పటికి మన దగ్గర టీవీ ఎక్కడిది బాబూ?" అన్నారు. నిజమే మరి. హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైందే 1977లో. మా కాజీపేట ఇళ్లలోకి ఆ బొమ్మ రావడానికి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పట్టింది. అయినా ఇప్పటికీ చూశాననే అంటాను. ఎట్లా చూశానో చెబుతాను, అది చూడడం అవునో కాదో మీరే అనుకోండి.

నాన్న కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్. మాది రెండు గదుల రైల్వే క్వార్టర్, ముందు చిన్న అరుగు. బొగ్గు ఇంజన్ల కాలం అది. పొద్దున అమ్మ ఆరేసిన తెల్ల చీర సాయంత్రం తీసేసరికి బూడిద రంగుకు తిరిగేది. తాత మా దగ్గరే ఉండేవాడు. వరంగల్ ఆజంజాహి మిల్లులో మగ్గాల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. ఆ మగ్గాల మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం మిగిలింది. ఈ సగం చెవి సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మా ఇంట్లో ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. చుట్టూ తోలు కవరు, స్పీకర్ ఉన్న చోట ఆ తోలుకు చిల్లులు. దానికి లైసెన్సు ఉండేది. ఈ కాలం పిల్లలు నమ్మరు గాని, రేడియో వినడానికి కూడా పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి ఒక చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఆ పుస్తకం తాత ట్రంకు పెట్టెలో, ఇంటి కాగితాల పక్కన ఉండేది. లైసెన్సు కంటే పెద్ద ఖర్చు సెల్లు. అవి నీరసపడితే తాత బయటికి తీసి ప్రహరీ గోడ మీద ఎండకు పెట్టేవాడు. మధ్యాహ్నమంతా ఎండిన సెల్లు రాత్రికి ఇంకో పావుగంట పాడేవి. సౌండ్ పెంచడానికి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "పెంచితే సెల్లు వట్టిగనే అయిపోతయ్" అనేవాడు. చెవి చూస్తే సగమే, సౌండ్ చూస్తే తక్కువ. అందుకని ఏది విన్నా రేడియోను కుడి చెవికి ఆనించుకునే వినేవాడు. పక్కన కూర్చున్నవాళ్లకు అందేది కొంత గొంతు, ఎక్కువ గరగర.

హాకీ మా కాలనీలో కొత్త ఆట కాదు. గ్రౌండ్‌లో డ్రైవర్లు, ఫైర్‌మన్‌లు డ్యూటీ లేని సాయంత్రాలు నిక్కర్లు వేసుకుని ఆడేవాళ్లు. వాళ్లవి అసలైన స్టిక్కులు. మావి వంకర తుమ్మ కొమ్మలు. ఏ చెట్టుకు ఏ కొమ్మ సరైన చోట వంగిందో మాకు బట్టీ. చిరిగిన గుడ్డలు ముద్ద చేసి, పైన సైకిల్ ట్యూబు ముక్కలు సాగదీసి తొడిగితే చెండు. రెండు రాళ్లు పెడితే గోల్. ఆ ఎర్ర మట్టిలో అరగంట ఆడితే మోకాళ్ల కింద కాళ్లు ఎవరివో గుర్తుపట్టలేము.

ఇక ఆ సంవత్సరం సంగతి. అప్పటికే మన హాకీ మీద పెద్దవాళ్లకు ఒక దిగులు ఉండేది. 1964 టోక్యో తర్వాత ఒలింపిక్ బంగారం రాలేదు. మెక్సికోలో కాంస్యం, మ్యూనిక్‌లో కాంస్యం. 1973 ప్రపంచ కప్ ఫైనల్‌లో అయితే నెదర్లాండ్స్ మీద రెండు గోల్స్ ముందుండి, చివరికి పెనాల్టీ స్ట్రోకుల్లో ఓడారు. ఆ ఓటమి తాతకు సొంత నష్టంలాగా ఉండేది. ఎవరి పొలమో తాకట్టు పోయినట్టు చెప్పేవాడు. 1974 టెహ్రాన్ ఏషియాడ్‌లో మళ్లీ పాకిస్తానే మన పైన. అందుకే 1975 మార్చిలో అజిత్‌పాల్ సింగ్ జట్టు మలేషియా వెళ్లినప్పుడు కప్పు తెస్తారని మా అరుగు మీద ఎవరూ బల్లగుద్ది చెప్పలేదు. లీగ్‌లో అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడినప్పుడు తాత రేడియో మూసేసి, "ఇగ సెల్లు దండగ" అన్నాడు. తర్వాతి మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీని 3-1తో కొట్టాకగాని ఆ సెల్లు మళ్లీ గోడ మీద నుంచి దిగలేదు.

సెమీఫైనల్ మలేషియాతో, వాళ్ల సొంత గడ్డ మీద. ఆట డెబ్బై నిమిషాలు, అరవై దాటినా మనం 1-2తో వెనక ఉన్నాం. అప్పుడు మైకేల్ కిండో స్థానంలో అస్లమ్ షేర్ ఖాన్ దిగాడు, అప్పటిదాకా బెంచీ మీద ఉన్నవాడు. 65వ నిమిషంలో పెనాల్టీ కార్నర్. మెడలోని తావీజుకు ముద్దు పెట్టుకుని కొట్టాడట, 2-2. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గోల్‌తో గెలిచాం. పక్క క్వార్టర్ డ్రైవర్ చాచా గూడ్స్ దిగి, మొహం నిండా మసితో, చేతిలో లైన్ బాక్సుతో మా అరుగు ముందే ఆగిపోయాడు. ఆ మ్యాచ్ అయ్యేదాకా ఆ పెట్టె కింద పెట్టలేదు. తావీజు కథ తర్వాత ఆయనే మాకు చెప్పాడు, తన జబ్బకున్న తావీజు చూపిస్తూ. రెండు రోజులు మా గ్యాంగులో ప్రతివాడి మెడలో ఏదో ఒక తాడు. నాది అమ్మ పసుపు కొమ్ము కట్టిన దారం.

మార్చి 15, శనివారం. ఒంటిపూట బడి. ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరేసి అరుగు మీదికి చేరాను. అప్పటికే తాత గోడకు ఆనుకుని, రేడియో కుడి చెవికి పెట్టుకుని ఉన్నాడు. ఎదుట పాకిస్తాన్. వ్యాఖ్యానం జస్‌దేవ్ సింగ్, హిందీలో. మా పిల్లలకు హిందీ అంటే బడిలో చెప్పిన నాలుగు ముక్కలే, ఆ వేగం అందదు. తాతది నిజాం కాలం చదువు, ఉర్దూ మీడియం. తెలుగు పేపరు కూడబలుక్కుని చదివే మనిషి, ఉర్దూ పేపరు గడగడా చదివేవాడు. కాబట్టి ఏర్పాటు ఏమిటంటే, కౌలాలంపూర్‌లో జరిగేది జస్‌దేవ్ సింగ్ చూసి హిందీలో చెబుతాడు. అది అలల మీద ఊగుతూ, దగ్గరికొస్తూ దూరం పోతూ, కాజీపేటలో తాత సగం చెవిలో పడుతుంది. తాత దాన్ని మాకు తెలుగులో చెబుతాడు. ప్రతి సంగతి మాకు రెండుసార్లు వచ్చేది. ముందు గరగరలో ఒక అరుపుగా, ఆ వెనక తాత నోట మాటగా. ఆ రెండింటి మధ్య ఉండే రెండు మూడు క్షణాల టెన్షన్ నాకు మళ్లీ ఏ ఆటలోనూ దొరకలేదు.

"గోవింద పట్టుకపోతున్నడు... ఇగ అశోక్‌కు ఇచ్చిండు... గుంజుకున్నరు." తాత వ్యాఖ్యానం ఇట్లా ఉండేది. గోవింద కొడగు మనిషని, అశోక్ కుమార్ ధ్యాన్‌చంద్ కొడుకని మధ్యలో చెప్పేవాడు. అస్లమ్ నాన్న అహ్మద్ షేర్ ఖాన్ 1936 బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్‌తో కలిసి ఆడాడు. అప్పటి ఇద్దరి కొడుకులు ఇప్పుడు ఒకే జట్టులో ఉండడం తాతకు ఎంత ముచ్చటో. కొడుకులు తండ్రి పని పట్టుకుంటే ఆయనకు సంతోషం. మా నాన్న మిల్లు వదిలి రైల్వేలో చేరిన బాధ అందులో కొంత ఉండొచ్చు.

17వ నిమిషంలో పాకిస్తాన్ గోల్ కొట్టింది. తాత చెప్పలేదు. గరగరలో అరుపు వినిపించింది, మేమంతా తాత మొహం చూస్తున్నాం, తాత పెదవి కదపలేదు. "ఏమైంది తాతా?" అంటే, "ఏం కాలే, ఆడుతున్నరు" అన్నాడు. అబద్ధమని అందరికీ తెలిసింది. లోపల్నుంచి అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, "పిల్లగాండ్లకు చెప్పరాదు మామయ్యా" అన్నది. అప్పుడు చెప్పాడు.

రెండో సగంలో, 44వ నిమిషంలో, పెనాల్టీ కార్నర్ మీద సుర్జీత్ సింగ్ సమానం చేశాడు. ఈసారి తాత ఆలస్యం చేయలేదు, జస్‌దేవ్ సింగ్ కంటే ముందే చెప్పాడేమో అనిపించింది. చెండు వేగానికి వల చిరిగిందన్నాడు. వల చిరిగిన సంగతి నేను ఆ తర్వాత ఎక్కడా చదవలేదు. తాత సొంతంగా కలిపిందే అయ్యుంటుంది.

51వ నిమిషం. రేడియోలో గొంతు పైకి లేస్తోంది. తాత "అశోక్..." అన్నాడు. సరిగ్గా అప్పుడు షెడ్ దగ్గర షంటింగ్ ఇంజను కూత పెట్టింది. మామూలు కూత కాదు, ఆవిరంతా గొంతులోకి తెచ్చుకుని వేసిన పొడుగు కూత. తాత నోరు కదులుతోంది, మాట లేదు. రేడియో లేదు. ప్రపంచంలో ఇంజను ఒక్కటే ఉంది. కూత ఆగేసరికి తాత ఎడమ చెయ్యి పైకెత్తి, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు గాలిలో అట్లాగే పట్టుకున్నాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మగ్గం నూలు కోసీ కోసీ చూపుడు వేలు పక్కన గట్టిపడిన చర్మం, మణికట్టు దగ్గర ఉబ్బిన నరం. అశోక్ కుమార్ కొట్టిన చెండు గోల్‌పోస్ట్ మూలకు తగిలి బయటికొచ్చేసింది. గోల్ అని మనవాళ్లు, కాదని పాకిస్తాన్ వాళ్లు. మలేషియా అంపైర్ విజయనాథన్ గోల్ ఇచ్చాడు. ఇదంతా జరుగుతున్నంతసేపు ఆ చెయ్యి గాలిలోనే ఉంది. తర్వాత కిందికి దిగి నా వీపు మీద పడింది, గట్టిగా. అట్లా తెలిసింది నాకు, 2-1 అని.

ఆ తర్వాత ఆట ఎంతసేపు సాగిందో నాకు గుర్తులేదు. గెలిచారు అనగానే తాత టక్కున రేడియో మూసేశాడు. అజిత్‌పాల్ కప్పు అందుకోవడం, జనం అరుపులు, ఏవీ వినలేదు మేము. "గెలిచిన్రు కదా, ఇంకేం ఇనాలె? సెల్లు మిగిలినై" అన్నాడు. ఆ రాత్రి నాన్న వార్తలు విన్నది ఆ మిగిలిన సెల్లతోనే.

మన పురుషుల హాకీకి అదే మొదటి ప్రపంచ కప్పు. ఇప్పటిదాకా రెండోది రాలేదు. మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో గడ్డి తీసేసి కృత్రిమ మైదానం పరిచారు, మనం ఏడో స్థానంలోకి పోయాం. సుర్జీత్ సింగ్ 1984లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. జస్‌దేవ్ సింగ్ 2018లో పోయారు. ఆ రోజు వార్త చదివి, ఎన్నడూ చూడని ఆ మనిషి కోసం కాసేపు అట్లాగే కూర్చున్నాను.

ఈమధ్య మా మనవడు ఫోన్‌లో ఆ ఫైనల్ బొమ్మలు కొన్ని వెతికి చూపించాడు. చూశాను. గ్యాలరీల నిండా జనం, బూట్లు వేసుకున్న ఆటగాళ్లు. నాకు తెలిసిన మ్యాచ్ అట్లా లేదు. నేను చూసిన అశోక్ కుమార్ మా రైల్వే గ్రౌండ్‌లో, వేపచెట్టు వైపున్న గోల్‌లోకి కొట్టాడు. మోకాళ్ల దాకా ఎర్ర దుమ్ము. మనవడితో ఆ మాట అంటే నవ్వాడు.

ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. ఎండ తగ్గగానే తుమ్మ కొమ్మలు తీసుకుని గ్రౌండ్‌కు పరిగెత్తాం. అందరికీ ఇండియానే కావాలి. చీటీలు వేస్తే మా జట్టుకు పాకిస్తాన్ వచ్చింది. కసి కొద్దీ ఆడాం. 2-2 దగ్గర నేను కొట్టిన చెండు రాయికి లోపలి వైపు తగిలి బయటికి దొర్లింది. గోల్ అని మేము, కాదని వాళ్లు. కొట్టుకునేదాకా వెళ్లి, చివరికి గ్రౌండ్ పక్కన బీడీ కాలుస్తున్న తాత దగ్గరికి పోయాం. తాత అంతా విని, "రాయికి తగిలి బయటికొస్తే గోలెట్లయితదిరా?" అన్నాడు.

"మరి అశోక్ కుమార్‌ది?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

తాత బీడీ ఒకసారి పీల్చి, "అది కౌలాలంపూర్‌ల రా, ఇది కాజీపేట" అన్నాడు.