బండల మీద పరుగు

అందరికీ నమస్కారం. పరుగు గురించి మాట్లాడమన్నారు. ముందే ఒప్పుకుంటున్నాను, నాది పెద్ద వేగమేమీ కాదు. ఖాజాగూడ గుట్టల్లో మేకలు కూడా నన్ను దాటి పోతాయి.

ఐదేళ్లపాటు రోడ్డు మీదే పరుగెత్తాను. నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకదారి. చదునైన దారి కాళ్లకు సులువే, బుర్రకే చేటు. కాళ్లు తమ పని తాము చేసుకుపోతుంటే మనసు తీరిగ్గా ఆఫీసుకు వెళ్లి కూర్చునేది. ముందురోజు పై అధికారికి చెప్పలేకపోయిన జవాబులన్నీ అక్కడ చెప్పేవాణ్ని. ఇల్లు చేరేసరికి చెమటతో పాటు కోపమూ పొంగేది.

ఒక ఆదివారం మిత్రుడొకరు గుట్టల దారి పట్టించాడు. అక్కడి నేల సంగతి కొంచెం చెప్పాలి. మన హైదరాబాదు బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి కానీ, ఎవరూ పేర్చలేదు. నేలలో ఉండగానే పగుళ్లలోకి నీరు దిగి, మూలలు అరిగి, చుట్టూ ఉన్న మెత్తని మట్టి వానలకు కొట్టుకుపోగా మిగిలినవి. ఆ అరుగుదలలో రాలిన గరుకు రేణువులే దారంతా పరుచుకుని ఉంటాయి. వాలులో వాటిమీద అడుగు వేస్తే శనగల మీద వేసినట్టే. నేను వేశాను. మోకాలు చీరుకుపోయింది. మచ్చ ఇంకా ఉంది, సభలో చూపించడం మర్యాద కాదు.

ఎందుకు పడ్డానో నాకు బాగా తెలుసు. దిగుతూ దిగుతూ పై అధికారికి జవాబు చెబుతున్నాను.

తర్వాత నేర్చుకున్నాను. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా ఉండాలి. చూపు పాదం మీద కాదు, నాలుగడుగుల ముందు ఉండాలి. వాన పడ్డాక పాచిపట్టిన బండ జోలికి పోకూడదు. తాగి పగలగొట్టిన సీసాల పెంకులు సరేసరి, వాటినీ కనిపెట్టుకోవాలి. ఇన్ని చూసుకునేవాడికి తగవులాడే తీరిక ఎక్కడిది? గుట్టలకు వెళ్లేది అందుకే. ఆరోగ్యం కోసమని అందరికీ చెబుతుంటాను, అందులో సగం అబద్ధం.

వానలు వెనకబట్టాక తంగేడు పచ్చగా పూస్తుంది, సీతాఫలాలు కళ్లు విప్పుతాయి. ఆ రోజుల్లో నేను పరుగెత్తిన దానికన్నా పొదల దగ్గర ఆగినదే ఎక్కువ. దాన్ని వ్యాయామం అనవచ్చో లేదో మీరే తేల్చండి.

మొన్న వాలు మధ్యలో ఉండగా ఫోను మోగింది. పై అధికారే అయి ఉంటాడు. తీయలేదు. రెండు చేతులూ బండమీద ఉన్నాయి.