ఒక అలర్టు, మూడు అచ్చులు: సెక్యూరిటీ అలర్ట్ రికార్డుల స్కీమాలపై రివ్యూ

కర్నూలు నుండి వీక్షకులందరికీ నమస్కారం. ఈ వీడియోలో సమీక్షిస్తున్నది ఫోనూ కాదు, ల్యాప్‌టాపూ కాదు. ఒక రికార్డు రూపం. నెట్‌వర్క్‌లో అనుమానాస్పదమైన కదలిక కనిపించినప్పుడు సెన్సార్ ఇచ్చే అలర్టును మన సాఫ్ట్‌వేర్‌లో ఏ ఆకృతిలో దాచుకోవాలి అన్నదే విషయం. ఇందుకోసం మూడు రూపాలను పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి సురికాటా, అంటే నెట్‌వర్క్ రాకపోకలను గమనించి అలర్టులిచ్చే సాఫ్ట్‌వేర్, తనంతట తాను రాసే ఈవ్ జేసన్ (పేరు, విలువ జంటలుగా ఉండే పాఠ్యం). రెండవది 2007లో ఆర్ఎఫ్‌సీ 4765గా (ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రం) వెలువడిన ఐడీఎంఈఎఫ్, చొరబాటు అలర్టులను ఒక వ్యవస్థ నుండి మరొకదానికి పంపే రూపం. మూడవది 2022లో ప్రకటించిన ఓసీఎస్ఎఫ్, వేర్వేరు భద్రతా సాధనాల రికార్డులకు ఉమ్మడి రూపం. నగరంలోని ఒక చిన్న కార్యాలయంలో, వారి అనుమతితో సురికాటాను నడిపి, వచ్చిన అలర్టులనే ఈ మూడింటిలోనూ పోసి చూశాను.

ముందుగా ఈవ్ జేసన్. ఒక్కో ఘటనకు ఒక్కో వరుస. తెరిచి చదివితే సగం అర్థమైపోతుంది. అలర్టును మోగించిన రూల్ (ఏది అనుమానాస్పదమో చెప్పే నియమం) సంఖ్య, దాని సవరణ సంఖ్య, వర్గం, తీవ్రత, ప్యాకెట్‌ను (నెట్‌వర్క్‌లో సాగే డేటా ముక్కను) వదిలారా ఆపారా అన్న వివరం, అన్నీ అందులోనే ఉంటాయి. కానీ ఈ సులువును నమ్మి, ఆ వరుసలోని ఫీల్డులనే టేబుల్‌లో కాలమ్‌లుగా మార్చేవారు రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది సోర్స్ ఐపీ. అది ప్యాకెట్ పంపిన వారి చిరునామా మాత్రమే, దాడి చేసినవారి చిరునామా కానక్కరలేదు. సర్వర్ ఇచ్చిన జవాబును చూసి మోగే రూల్ అయితే, సోర్స్ స్థానంలో కూర్చునేది బాధితుడే. ఆ కాలమ్‌కు ‘దాడిదారు’ అని పేరు పెట్టుకున్న డాష్‌బోర్డు, ఇల్లు దోచుకోబడిన వాడినే దొంగల జాబితాలో చూపిస్తుంది. ఏ పక్క బాధితుడో రూల్ రాసేవారే చెప్పడానికి సురికాటాలో టార్గెట్ అనే కీవర్డు ఉంది గానీ, అది ప్రతి రూల్‌లోనూ ఉండదు. రెండవది గుర్తింపు సంఖ్య. ఫ్లో ఐడీ, అంటే రెండు యంత్రాల మధ్య సాగే ఒక సంభాషణకు ఇచ్చే సంఖ్య, ఉంది కదా అని దాన్నే ప్రైమరీ కీగా (ఒక్కో వరుసను విడిగా గుర్తించే కాలమ్‌గా) పెట్టకూడదు, ఎందుకంటే ఒకే ఫ్లోలో నాలుగు అలర్టులు మోగవచ్చు, నాలుగింటికీ అదే సంఖ్య ఉంటుంది.

ఐడీఎంఈఎఫ్ సంగతికి వద్దాం. ఇది ట్యాగుల మధ్య డేటాను రాసే ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది, చూడగానే పాత వాసన వేస్తుంది. ఆర్ఎఫ్‌సీలోనే దీనిని ప్రయోగాత్మకమైనదిగా పేర్కొన్నారు. నేడు కొత్తగా మొదలుపెట్టేవారికి దీనిని సిఫారసు చేయను. అయినా మూడింటిలో ఎక్కువసేపు చదివించింది ఇదే. సోర్స్ అనే ప్రతి నమోదుకూ, ఆ చిరునామా నకిలీదా అని చెప్పే గుణం ఒకటి ఉంది. దానికి అవును, కాదు అనే జవాబులతో పాటు ‘తెలియదు’ అనేది కూడా జవాబే. అవును, కాదు అనే రెండే విలువలుండే బూలియన్ కాలమ్ పెట్టి చేతులు దులుపుకునే మనం నేర్చుకోవలసిన పాఠం ఇది. ప్రతి సందేశానికీ సొంత గుర్తింపు ఇచ్చుకునే వీలు కూడా ఉంది.

అంతకన్నా మెచ్చదగినది కాలాన్ని మూడుగా విడదీయడం: ఘటన పసిగట్టిన సమయం, అలర్టు తయారైన సమయం, సందేశం పంపే క్షణంలో సెన్సార్ గడియారం చూపిన సమయం. 2009 అక్టోబరులో తుంగభద్ర ముంచెత్తిన మన ఊరివారికి ఈ తేడాను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. ఎగువన సుంకేసుల బ్యారేజీ దగ్గర నీరు పెరిగిన సమయం వేరు, ఆ కబురు కాగితం మీదికెక్కిన సమయం వేరు, కబురు పంపినవారి గడియారం అయిదు నిమిషాలు వెనకబడి ఉంటే ఆ లెక్క మరీ వేరు. ఇది పండితుల చర్చ కాదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం నిర్దేశిత ఘటనలను గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఒకే ఒక టైమ్‌స్టాంప్ ఉన్న రికార్డులో ఆ ‘గమనించిన’ క్షణం ఏదో ఎవరూ చూపించలేరు.

ఇక ఓసీఎస్ఎఫ్. ఇక్కడ నా పొరపాటును దాచకుండా చెబుతాను. సురికాటాలో తీవ్రత 1 అంటే అన్నిటికన్నా ప్రమాదకరం. ఓసీఎస్ఎఫ్‌లో 1 అంటే కేవలం సమాచారం, 5 అంటే క్రిటికల్. రెండు వైపులా అంకెలే కదా అని నేరుగా నకలు చేశాను. నాలుగు రోజులపాటు అసలు ప్రమాదాలన్నీ జాబితా అడుగున ప్రశాంతంగా పడి ఉన్నాయి.

ఆ తప్పు నాదే గనుక ఓసీఎస్ఎఫ్‌కు మార్కులు తగ్గించను. దీనిలో నాకు నచ్చినది, అలర్టుకు జీవితకాలం ఉంటుందని ఒప్పుకోవడం. డిటెక్షన్ ఫైండింగ్, అంటే సెన్సార్ పసిగట్టిన విషయం, అనే తరగతి సంఖ్య 2004. దానికి సృష్టి, మార్పు, ముగింపు అనే చర్యలు ఉన్నాయి. తరగతి సంఖ్య పక్కన ఆ చర్యల సంఖ్యలు 01, 02, 03 చేర్చితే 200401, 200402, 200403 అనే రకాలు వస్తాయి. అంటే పాత వరుసను చెరిపి దిద్దనవసరం లేదు, అదే ఫైండింగ్ గుర్తింపుతో మరో రికార్డు చేర్చితే చాలు.

మన పోలీసు స్టేషన్లలో పద్ధతి ఇదే కదా. ఎఫ్ఐఆర్ ఒకసారి నమోదయ్యాక దానిని ఎవరూ కొట్టి రాయరు; దర్యాప్తు సాగిన తీరు కేసు డైరీలో రోజువారీగా పెరుగుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో సెన్సార్ మాట, దానిపై మనుషుల నిర్ణయం, ఈ రెండూ ఒకే టేబుల్‌లో ఉండడం వల్ల, ఎవరో ‘తప్పుడు హెచ్చరిక’ అని మార్చి సేవ్ చేయగానే, సెన్సార్ మొదట ఏమన్నదో, ఆ నిర్ణయం ఎవరిదో, ఎప్పటిదో తెలియకుండా పోతుంది.

అందుకే బయటి వ్యవస్థలకు పంపేటప్పుడు ఓసీఎస్ఎఫ్‌ను వాడుతూ, లోపల రెండు టేబుళ్లు పెట్టుకున్నాను. సెన్సార్ మాట ఉన్న టేబుల్‌లో చేర్చడమే తప్ప మార్చడానికి అనుమతి లేదు. మనుషుల నిర్ణయాలు రెండవ దానిలో పేరుతో, సమయంతో, కారణంతో చేరుతాయి. మొదటి టేబుల్‌లో సురికాటా రాసిన అసలు వరుసను కూడా అక్షరం మార్చకుండా ఉంచుతున్నాను. దీనికి డిస్కు ఖర్చు పెరుగుతుంది, కాదనను. కానీ తీవ్రత తలకిందులైన ఆ నాలుగు రోజుల రికార్డులను నేను సరిచేయగలిగింది, ఆ అసలు వరుసలు చేతిలో ఉండబట్టే.