స్టైల్ ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి? పింటరెస్ట్ నుంచి పుట్టపాక దాకా నా రివ్యూ

నమస్కారం అండి. ఈ వీడియోలో బట్టల రివ్యూ చేయడం లేదు, బట్టల గురించి ఐడియాలు దొరికే చోట్లను రివ్యూ చేస్తున్నాను. "నాకంటూ ఒక స్టైల్ ఉండాలి, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పనికొచ్చేలా చెప్తాను.

ముందు పింటరెస్ట్. నచ్చిన ఫొటోలన్నీ ఒక బోర్డులో దాచుకోవచ్చు. దాచిన వెంటనే కాకుండా కొన్నాళ్ళు ఆగి ఆ బోర్డు తెరిచి చూడండి. నా బోర్డులో ఎక్కడ చూసినా మెడను అంటిపెట్టుకుని ఉండే చిన్న కాలర్లే కనిపించాయి. నాకు కాలర్ అంటే అంత ఇష్టమని అప్పటిదాకా నాకే తెలియదు. అందుకు పింటరెస్ట్‌కి మంచి మార్కులే ఇస్తాను.

కానీ "ఆఫీస్ అవుట్‌ఫిట్" అని వెతికితే వచ్చేవన్నీ ఉన్ని కోట్లు, పొడవాటి బూట్లు, ఒకదాని మీద ఒకటి వేసుకునే స్వెట్టర్లు. మే నెలలో విజయవాడలో ఆ బట్టలతో బస్టాప్ దాకా కూడా వెళ్ళలేం. పైగా ఒకటి సేవ్ చేస్తే మళ్ళీ మళ్ళీ అలాంటివే చూపిస్తుంది. అందుకని బట్ట పేరుతో వెతకండి: మంగళగిరి కాటన్ కుర్తా, ఇకత్ షర్ట్, కలంకారీ జాకెట్టు, ఇలాగ. సేవ్ చేసిన ప్రతి ఫొటో కింద ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క రాసుకోండి. రంగు నచ్చిందా, చేతుల పొడవు నచ్చిందా, లేక ఆ మోడల్ నిలబడిన తీరు మాత్రమే నచ్చిందా? మూడోదైతే ఆ ఫొటో తీసేయండి, ఆ డ్రెస్ మీకు అక్కర్లేదు.

ఇన్‌స్టాగ్రామ్ గురించి ఎక్కువ చెప్పను. ఇవాళ్టి ట్రెండ్ ఏమిటో తెలుస్తుంది, అంతవరకే. మీ ఒంటి తీరు, మీ రంగు ఉన్నవాళ్ళను నలుగురిని వెతికి ఫాలో అవ్వండి, చాలు. 10కి 5.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. అమెరికాలో అలిసన్ బోర్న్‌స్టీన్ అనే స్టైలిస్ట్ మూడు మాటల పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. మొదటి మాట, మీరు ఇప్పుడు నిజంగా ఎక్కువగా వేసుకుంటున్న బట్టలు ఎలా ఉన్నాయో చెప్పాలి. రెండోది, మీరు ఎటువైపు వెళ్ళాలనుకుంటున్నారో చెప్పాలి. మూడోది, ఆ బట్టల్లో మీకు ఎలా అనిపించాలో చెప్పాలి. నా మూడు మాటలు: సాదా, చేనేత, ధీమా. షాపులో ఏదైనా చేతికి తీసుకున్నప్పుడు ఈ మూడింటికీ సరిపోతుందా అని చూస్తాను. కనీసం రెండింటికైనా సరిపోకపోతే తిరిగి పెట్టేస్తాను. డబ్బులు మిగుల్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో వస్త్రాల గ్యాలరీ చూడండి. శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకోండి. పాత శాలువాల్లో, జరీ పనిలో ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టారో గమనించి రాసుకోండి. లోటేమిటంటే అన్నీ అద్దాల వెనకే. బట్టను ముట్టుకోకుండా దాని సంగతి సగమే తెలుస్తుంది.

ముట్టుకోవాలంటే భూదాన్ పోచంపల్లి వెళ్ళాలి. హైదరాబాద్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. నా లిస్టులో దీనికే 10కి 10. అక్కడ నేసేది ఇకత్, అంటే బట్ట నేశాక రంగు వేయరు. నూలుకే ముందుగా కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు, మెత్తగా ఉంటాయి. కొనేటప్పుడు బట్ట తిరగేసి చూడండి. నేసిన ఇకత్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ప్రింట్ అయితే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. ప్రింట్ కొనుక్కోవడం తప్పేమీ కాదు, కానీ ఇకత్ ధర పెట్టి ప్రింట్ కొనకండి.

అదే యాదాద్రి భువనగిరి జిల్లాలో పుట్టపాక ఉంది. తేలియా రుమాలు అనే ఇకత్ బట్ట నేసే ఊరు. నూలును నూనెలో, బూడిద నీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెట్టి రంగుకు సిద్ధం చేస్తారు. తేలియా అనే పేరు ఆ నూనె వల్లే వచ్చింది. 2020లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానికే చెందిన సరుకు అనే గుర్తింపు కూడా దక్కింది. సంప్రదాయంగా ఇందులో వాడేవి మూడే రంగులు: ఎరుపు, నలుపు, తెలుపు. ఆ మూడింటితోనే ఎన్ని రకాల గళ్ళు, ఎన్ని రకాల పువ్వులు నేశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎంత దూరం నుంచి చూసినా ఇది తేలియా అని గుర్తుపట్టేస్తాం.

నాకు స్టైల్ అంటే ఏమిటో అర్థమైంది ఇక్కడే. మన నేత ఊళ్ళన్నీ చూడండి. మంగళగిరిలో చీర ఒళ్ళంతా సాదాగా ఉంచి అందం మొత్తం అంచులో పెడతారు. గద్వాలలో ఒళ్ళు నూలు, అంచు పట్టు. నారాయణపేట అనగానే గళ్ళు గుర్తొస్తాయి. ఒక్కో ఊరు రెండు మూడు నియమాలు పెట్టుకుని, వాటిని వదలకుండా తరతరాలు నేసింది, అదే దాని గుర్తు అయింది. మనమూ అలాగే చేయొచ్చు. నేను మూడు రంగులకే కట్టుబడ్డాను: నీలం, గంధం రంగు, కుంకుమ ఎరుపు. అప్పటి నుంచి పొద్దున్నే ఏం వేసుకోవాలనే టెన్షన్ పోయింది, ఎందుకంటే ఏది తీసినా దేనితోనైనా కలుస్తుంది.

పోచంపల్లి దాకా వెళ్ళలేనివాళ్ళు, వేరే దేశాల్లో ఉన్నవాళ్ళు ఇంట్లో బీరువా తెరవండి. అమ్మ చీరలు, నాన్న షర్టులు బయటికి తీయండి. చీరను భుజం మీద వేసుకుని కిటికీ దగ్గర పగటి వెలుగులో అద్దం చూసుకోండి. ట్యూబ్‌లైటు కింద చూస్తే రంగులు మోసం చేస్తాయి. ఏ రంగు వేసుకుంటే ముఖం తేటగా ఉందో ఫొటో తీసి పెట్టుకోండి. పాత ఆల్బమ్‌లు కూడా చూడండి. సావిత్రి గారి కాలం నాటి బుట్టచేతుల జాకెట్టు మీ అమ్మమ్మ ఫొటోలో దొరికితే, దాన్ని ఇవాళ సాదా మంగళగిరి చీర మీదికి కుట్టించుకోవచ్చు. అయితే బాగున్న చీరను కుర్తా కోసం కత్తిరించొద్దని నా మనవి. చిరిగినవి, మరకలు పడినవి ఉంటే వాటిని వాడుకోండి.

చివరిగా టైలర్. ఎంత మంచి ఐడియా అయినా కుట్టు సరిగ్గా లేకపోతే వృథా. ఫొటో ఒక్కటే చూపించకండి, మీకు బాగా సరిపోయే పాత డ్రెస్ ఒకటి కొలతకు పట్టుకెళ్ళండి. చేనేత కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోవచ్చు, కాబట్టి కుట్టడానికి ముందే నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి. కొత్త మోడల్ అయితే ముందు తక్కువ ధర బట్టతో ఒకటి కుట్టించి చూసుకోండి. పక్క కుట్లలో కాస్త బట్ట వదలమని గట్టిగా చెప్పండి, తర్వాత ఒళ్ళు చేసినా విప్పుకోవచ్చు.