సర్వే నంబరు లేని మనుషులు

వేదిక మీది పెద్దలకు, ఊళ్ల నుంచి వచ్చిన యువతకు నమస్కారం. పేరుపేరునా చెప్పడమే మర్యాద గాని, భోజనాల వేళయ్యాక నా మాట ఎవరూ వినరు. కార్డులో ‘అసమానతలు - పర్యావరణ విధానం’ అని పెద్ద పేరు వేశారు. నేను ప్రజాభిప్రాయ సేకరణ సంగతే, అంటే ప్లాంటుకో గనికో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ఊళ్లో షామియానా వేసి పెట్టే సభ సంగతే మాట్లాడతాను. ఆ షామియానా కింద రెండూ కనబడతాయి.

2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ పత్రికలో ప్రకటన రావాలి. పేపరు రాని ఊళ్లో దండోరా వేయించాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో చూడనివ్వాలి. బాగానే ఉంది. కానీ నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలుంటుంది. తెలుగులో ఇవ్వాల్సింది సారాంశం ఒక్కటే!

అసలు బాధ అది కూడా కాదు. పట్టా ఉన్న రైతుకు ఎకరానికింత అని లెక్క కడతారు. కౌలు రైతు, గొర్రెల కాపరి, చెరువులో వలేసేవాడు, తుంగ కోసి చాపలల్లే ఆడమనిషి, వీళ్లకు సర్వే నంబరేదీ? శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేల ఉంది. వరి, చేపలు, పక్షులు, పశువుల మేత, అన్నీ ఆ తడి నేల మీదే. కాగితాల్లో చూస్తే పనికిరాని భూమి. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అదే రోజు! ఆ బీలను ముందే బీలగా రాసుంటే?

అమ్మా, వెనక వరస వాళ్లూ, ఇది రాసుకోండి. సభను బహిష్కరిస్తే ఆగిపోతుందనుకుంటారు, ఆగదు. ఇంతమంది ఉండాలన్న కోరం లేదు. లేచిపోతే మన అభ్యంతరమూ మనతోనే పోతుంది. ‘ఊరు నాశనమవుతుంది’ అంటే ‘తగిన చర్యలు తీసుకుంటాం’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. పేజీ నంబరు పట్టి అడగండి: రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీళ్లు, ఏ బోరు నుంచి, మా తాగునీటి బోరుకు ఎంత దూరం? మైకులో అన్నది కాగితం మీదా ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. హాజరు పట్టీలో సంతకం పెట్టేముందు పైన ఏం రాశారో చదవండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు.

చివర్లో సభలో వచ్చిన మాటలన్నీ స్థానిక భాషలో చదివి వినిపించాలి, మినిట్స్ (సభలో జరిగింది రాసిన కాగితం) మీద కలెక్టరు లేదా ఆయన తరఫున వచ్చిన అధికారి ఆ రోజే సంతకం చెయ్యాలి. అప్పటికి జనం ఆటోలెక్కేసి ఉంటారు. ఊరికి ఇద్దరు ఆగండి. ఒక పేరు, ఒక చెరువు తప్పిపోయినా అక్కడే లేచి అడగండి.

అనుమతి వచ్చేస్తే, పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు వెయ్యాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. మన బెంచి చెన్నైలో. కూలి మానుకుని చెన్నై వెళ్లేదెవరో మీరే చెప్పండి.

మీ చేతుల్లో ఉన్న కాగితం వెనక్కి తిప్పండి. భూమి ఎంత అని కాదు, ఏ నెలలో దేని మీద బతుకుతున్నారో రాయండి. రాయడం రానివాళ్లు పక్కవాళ్ల చేత రాయించుకోండి. అవయ్యాకే భోజనాలు.