చిన్న ఎలక్ట్రాన్, పెద్ద లీకు

1968లో నోవోసిబిర్స్క్ సదస్సులో రష్యన్లు ఒక మాట చెప్పారు: మా టీ-3 టోకమాక్‌లో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత దాదాపు కోటి డిగ్రీలకు చేరిందని. టోకమాక్ అంటే, తేలిక కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్ కోసం, ప్లాస్మాను (ఎలక్ట్రాన్లూ అయాన్లూ విడిపోయిన వేడి వాయువును) అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రం. పశ్చిమ దేశాల్లో చాలామందికి నమ్మకం కుదరలేదు. సరే, మీరే వచ్చి కొలుచుకోండని పిలిచారు. 1969లో బ్రిటన్‌లోని కల్హామ్ ల్యాబ్ వాళ్లు లేజర్ మూటగట్టుకుని మాస్కో వెళ్లారు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులండీ అవి! లేజర్ కాంతి ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరినప్పుడు దాని రంగు ఎంత పరుచుకుందో చూస్తే ఉష్ణోగ్రత తెలుస్తుంది. కొలిచారు. రష్యన్లు చెప్పింది నిజమే.

మరి ఆ వేడి లోపల నిలుస్తుందా? అసలు చిక్కు ఇక్కడే.

అయస్కాంత క్షేత్రంలో ప్రతి కణం బలరేఖ చుట్టూ గిరగిరా తిరుగుతూ పోతుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న భారీ టోకమాక్ ఐటర్ లాంటి యంత్రంలో డ్యూటీరియం (బరువు హైడ్రోజన్) అయాన్ తిరిగే వృత్తం వ్యాసార్థం రెండు, మూడు మిల్లీమీటర్లు. ఎలక్ట్రాన్‌ది? వెంట్రుక మందం! దాదాపు 60 రెట్లు తక్కువ. కణాలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే, ఎలక్ట్రాన్ల దారిలో బయటికి పోయే వేడి అయాన్ల దారిలో పోయేదానికంటే చాలా తక్కువ ఉండాలి. కొలిస్తే మాత్రం రెండూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి. ఒక్కోసారి ఎలక్ట్రాన్లదే పైచేయి.

దొంగ ఎవరంటే టర్బులెన్స్. మధ్యలో వేడి, అంచున చల్లదనం. ఆ తేడా ఒక హద్దు దాటితే ప్లాస్మాలో సుడులు లేస్తాయి. కళ్లంలో వడ్ల రాశి చూశారుగా? పైన ఎన్ని తట్టలు పోసినా ఏటవాలు పెరగదు, గింజలు పక్కకి జారిపోతాయి. ప్లాస్మా కూడా అంతే మొండిది. హీటింగ్ రెట్టింపు చేస్తే మధ్యలో ఉష్ణోగ్రత రెట్టింపవదు.

ఎలక్ట్రాన్ల సుడులు మరీ చిన్నవి కదా, వాటివల్ల ఏమవుతుందిలే అనుకున్నారు చాలాకాలం. 2000లో ప్లాస్మా శాస్త్రవేత్తలు యెంకో, డార్లాండ్, వాళ్ల సహచరులు కంప్యూటర్లో చూస్తే, ఆ చిన్న సుడులు గుండ్రంగా ఉండకుండా లోపలి నుంచి బయటికి పొడవుగా సాగాయి. కాలవలు తవ్వినట్టు! వేడికి అంతకంటే ఏం కావాలి?

తర్వాత అమెరికాలోని ఎంఐటీ వాళ్ల టోకమాక్ ఆల్కేటర్ సీ-మోడ్ ప్రయోగాల మీద అయాన్ సుడులూ ఎలక్ట్రాన్ సుడులూ కలిపి లెక్క వేశారు. ఒక్కో లెక్కకు కోటికి పైగా ప్రాసెసర్ గంటలు. అయాన్ సుడులు మాత్రమే చూసినప్పుడు తేలని వేడి, రెండూ కలిపాక లెక్కకు వచ్చింది.

ఇదంతా మనకెందుకంటారా? ఐటర్ లక్ష్యం 500 మెగావాట్ల ఫ్యూజన్. అందులో దాదాపు 100 మెగావాట్లు ఆల్ఫా కణాలవి, అంటే ఫ్యూజన్‌లో పుట్టే హీలియం కేంద్రకాలవి. అవి తమ శక్తిలో ఎక్కువ భాగాన్ని ఇచ్చేది అయాన్లకు కాదు, ఎలక్ట్రాన్లకే. ఎలక్ట్రాన్లు దాన్ని అయాన్లకు అందించేలోపు ఎంత జారవిడుస్తాయన్నదే లెక్క. అందుకే ఐటర్ అంచనాల గ్రాఫ్ ఎవరు చూపించినా నేను మొదట అడిగేది ఒకటే: ఇందులో ఎలక్ట్రాన్ సుడులు కలిపారా, వదిలేశారా?